అసీసీ, లా వెర్నా, పాదువా: అమ్మతో ఎనిమిది రోజుల్లో ఎన్ని కుదురుతాయి?

పిచ్చుకగూడు

అందరికీ వందనాలు. అమ్మని తీసుకుని ఇటలీ యాత్రకి వెళ్దామనుకుంటున్నాను. సెప్టెంబరు చివర్లో అని అనుకున్నాం కానీ టికెట్లు ఇంకా తీసుకోలేదు. రోమ్‌లో దిగి మళ్ళీ రోమ్ నుంచే తిరుగు విమానం, మధ్యలో చేతికి మిగిలేది ఎనిమిది రోజులు. అమ్మ ఇరవై ఏళ్ళుగా అసీసీ పునీత ఫ్రాన్సిస్ వారి మూడవ సభలో ఉంది, అంటే మఠంలో చేరకుండా ఇంట్లో ఉంటూనే ఆయన బాటలో నడిచేవాళ్ళ సభ. మెడలో T ఆకారపు టౌ సిలువ లేకుండా తనని నేను ఎప్పుడూ చూడలేదు.

అమ్మ రాసిచ్చిన లిస్టు ఇది: అసీసీ, ఫ్రాన్సిస్ వారి ఒంటి మీద క్రీస్తు సిలువ గాయాల్లాంటి పంచగాయాలు కలిగిన లా వెర్నా కొండ, ఆయన క్రిస్మస్‌కి పశువుల పాక ఏర్పాటు చేసిన గ్రెచ్చో, పాదువాలో అంతోని వారి గుడి, ఫ్రాన్సిస్కన్ గురువు పాద్రే పియో గారు ఉన్న సాన్ జొవాన్ని రొతోందో. మ్యాప్ ముందు పెట్టుకుని కూర్చుంటే ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన, రెండేమో కొండల మధ్య. ఒక గ్రూపు టూర్ కూడా చూశాం, ఎనిమిది రోజుల్లో పదకొండు ఊళ్ళు తిప్పుతారట. ఆ కాగితం అమ్మ రెండుసార్లు చదివి "ఇందులో మోకరించడానికి టైమ్ ఎక్కడుంది" అని పక్కన పెట్టేసింది.

ఏది వదులుకోవాలో చెప్పండి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అరగంట నడుస్తుంది కానీ మెట్లంటే కష్టం. అక్టోబరు 4 ఫ్రాన్సిస్ వారి పండుగ దాకా ఉండాలా, లేక ఆ రద్దీకి ముందే వచ్చేయాలా? ఇంకో మాట. నాకు అమ్మకున్నంత భక్తి లేదు. కానీ ఊరికే ఫోటోలు తీసుకుని రావడం కూడా నాకిష్టం లేదు. ఆయన ఎలా బతికాడో కొంచెమైనా అర్థం కావాలంటే అక్కడ ఏం చూడాలి, ఏం చేయాలి?

ఆలివ్‌కొమ్మ

మూడుసార్లు వెళ్ళొచ్చాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు వదులుకోవాల్సింది సాన్ జొవాన్ని రొతోందో. పాద్రే పియో గారంటే నాకూ ప్రాణం, కానీ అది ఆగ్నేయాన గర్గానో కొండల్లో ఉంది, రోమ్ నుంచి ఫోజ్జా దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. రానూపోనూ రెండు రోజులు దానికే పోతాయి. పైగా ఆయన పండుగ సెప్టెంబరు 23, ఆ చుట్టుపక్కల రోజుల్లో జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు.

రెండోది, అసీసీకి కనీసం నాలుగు రాత్రులు ఇవ్వండి. నా మొదటి యాత్రలో టూర్ బస్సు వాళ్ళు అసీసీకి ఇచ్చింది మూడు గంటలు. ఫ్రాన్సిస్ వారి సమాధి దగ్గరికి దిగి కళ్ళు మూసుకున్నానో లేదో, గైడ్ వచ్చి భుజం తట్టి బస్సు బయల్దేరుతోందన్నాడు. అంత దూరం వెళ్ళి ఆయన దగ్గర ఐదు నిమిషాలు కూర్చోలేకపోయానన్న బాధ నాలుగేళ్ళు మోశాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ఊళ్ళోనే బస చేశాను. సాయంత్రం బస్సులన్నీ దిగిపోయాక ఆ రాతి వీధుల్లో మనిషి అడుగుల చప్పుడు వినపడుతుంది. పొద్దున్నే పూజకి వెళ్తే సమాధి దగ్గర పదిమంది కూడా ఉండరు.

ఆ సమాధి గురించి ముందే తెలిస్తే అక్కడ నిలబడినప్పుడు బాగుంటుంది. 1230లో ఎవరూ ఎత్తుకుపోకుండా ఆయన శరీరాన్ని రాతి పెట్టెలో పెట్టి బలిపీఠం కింద లోతుగా దాచేశారు, మళ్ళీ కనిపెట్టింది 1818లో. ఇప్పుడు ఇనుప పట్టీలతో బిగించిన ఆ రాతి పెట్టే బలిపీఠం వెనక స్తంభంలో కనిపిస్తుంది. బంగారం లేదు, వెండి లేదు. చుట్టూ నాలుగు మూలల్లో లియో, రుఫినో, మస్సేయో, ఆంజెలో, ఆయనతో తిరిగిన సోదరులు. దిగే చోట ఎదురుగా ఒక స్త్రీ సమాధి ఉంటుంది, దాన్ని దాటిపోకండి. రోమ్‌కి చెందిన జాకొపా అనే వితంతువు, ఆయన ఆమెని "సోదరుడు జాకొపా" అని పిలిచేవాడు. చనిపోయే ముందు ఆమె చేసే బాదం మిఠాయి తినాలనుందని కబురు పెట్టబోతుంటే ఆవిడే గుమ్మంలోకి వచ్చిందట, మిఠాయి పట్టుకుని. అన్నీ వదిలేసిన మనిషి ఆఖరి రోజుల్లో ఇష్టమైన మిఠాయి అడిగాడంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా గొంతు పట్టేస్తుంది.

అమ్మగారి మోకాళ్ళ కోసం: అసీసీ స్టేషను ఊళ్ళో ఉండదు, కింద మైదానంలో సాంతా మరియా దెల్యి ఆంజెలిలో ఉంటుంది. అక్కడి నుంచి బస్సులో ఊరి పైభాగానికి, పియాజ్జా మత్తేయొత్తీకి ఎక్కేయండి. అక్కడి నుంచి అంతా దిగుడే. ముందు సాన్ రుఫీనో కతెడ్రల్, ఫ్రాన్సిస్, ఆయన బాటలో నడిచిన క్లారా ఇద్దరూ జ్ఞానస్నానం పొందిన తొట్టి అక్కడే ఉంది. తర్వాత ఊరి మధ్య కూడలి, చివరికి ఫ్రాన్సిస్ వారి సమాధి ఉన్న పెద్ద గుడి, బసిలికా. ఎక్కడం మొదలుపెడితే రెండో రోజుకి ఆవిడ హోటల్ గదిలోనే ఉండిపోతారు. ఊరి కింద ఉన్న చిన్న గుడి సాన్ దమియానోకి కూడా ఆలివ్ తోటల మధ్య నడిచి దిగి, వచ్చేటప్పుడు టాక్సీ పిలవండి.

బసిలికాలో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, లోపల ఫోటోలు తీయనివ్వరు. మంచిదే, మీ ఫోటోల బెంగ అక్కడ వాళ్ళే తీర్చేస్తారు.

అక్టోబరు 3, 4 తేదీల్లో మటుకు ఆ మోకాళ్ళతో వద్దనే అంటాను. గదులు దొరకవు, వీధుల్లో నిలబడాల్సి వస్తుంది. పైగా 2026తో ఆయన కన్నుమూసి 800 ఏళ్ళు, ఈ రద్దీ ఇప్పట్లో తగ్గేది కాదు.

కాలిబాట

లా వెర్నా వదులుకోవద్దండి, దేన్ని తీసేసినా దాన్ని ఉంచండి. నేను లా వెర్నా నుంచి అసీసీ దాకా నడిచాను, దాదాపు 190 కిలోమీటర్లు, పది రోజులు పట్టింది. మీరు నడవలేరు కాబట్టి అసీసీ నుంచి కారు మాట్లాడుకోండి, సుమారు రెండు గంటలు. ఆ రాత్రి అక్కడే ఉండండి, మఠం వాళ్ళ అతిథిగృహం ఉంది, ముందే రాసి గది అడగాలి.

కొండ మీద మఠం 1128 మీటర్ల ఎత్తున ఉంది. అసీసీలో చెమటలు పట్టే రోజున కూడా అక్కడ స్వెటర్ కావాలి. బీచ్ అనే చెట్లు, ఫర్ చెట్లు ఉన్న అడవి, ఎండ కింద దాకా రాదు. సాస్సో స్పిక్కో అని ఒక చోటు ఉంది. పెద్ద బండరాయి కొండలోంచి ముందుకు పొడుచుకొచ్చి గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది, ఫ్రాన్సిస్ దాని కింద కూర్చుని ప్రార్థన చేసేవాడట. నేను వెళ్ళినప్పుడు తెల్లవారుజామున వాన పడి ఆగింది. ఆ రాతి మీద చెయ్యి పెడితే చల్లగా, పాకుడు పట్టి జారుతోంది, పై అంచు నుంచి ఒక్కో నీటిచుక్క నిదానంగా పడుతోంది. ఎవరూ లేరు. అప్పటికి నా మనసులో ఉన్న ప్రార్థనలన్నీ అయిపోయాయి, ఊరికే నిలబడ్డాను. అంతకంటే ఎక్కువ చెప్పలేను, మీరే వెళ్ళి నిలబడండి. అక్కడికి మెట్లున్నాయి, జారతాయి, అమ్మగారిని పైనే కూర్చోబెట్టి మీరొక్కరే దిగినా పర్వాలేదు.

1224 సెప్టెంబరులో పంచగాయాలు కలిగింది ఈ కొండ మీదే. అప్పటికి ఆయన సభ నాయకత్వం వదిలేశాడు, కళ్ళు పోతున్నాయి, కడుపులో జబ్బు, తను మొదలుపెట్టిన సభ తను అనుకున్న దారిలో వెళ్ళట్లేదన్న దిగులు. పంచగాయాలంటే ఏదో అద్భుతం, బొమ్మల్లో కిరణాలు పడుతున్నట్టు గీస్తారు కదా అనుకునేవాణ్ణి. ఆ చలిలో ఆ రాళ్ళ మధ్య ఒక జబ్బు మనిషి నలభై రోజుల ఉపవాసం చేశాడని ఊహించుకున్నాక ఆ బొమ్మలు వేరేగా కనిపించాయి.

రోజూ మధ్యాహ్నం మూడింటికి సోదరులు గుడి నుంచి పంచగాయాల చాపెల్ దాకా పాడుకుంటూ ఊరేగింపుగా వెళ్తారు. పైన కప్పున్న పొడవాటి వసారా, నడక తక్కువే, అమ్మగారు హాయిగా నడవగలరు. ఆ టైమ్‌కి అక్కడుండేలా చూసుకోండి.

తేదీ మీ చేతుల్లోనే ఉంది కాబట్టి ఒక మాట. పంచగాయాల పండుగ సెప్టెంబరు 17. అక్టోబరు 4 అసీసీలో కంటే ఆ రోజు లా వెర్నాలో ఉండడం నా దృష్టిలో మేలు.

ముళ్ళులేనిగులాబి

నేనూ మూడవ సభ సభ్యురాలినే, మీ అమ్మగారికి నా వందనాలు చెప్పమ్మా. పైన ఇద్దరూ బాగా చెప్పారు, కానీ క్లారా గారిని దాటేశారు. ఇది మగవాళ్ళ యాత్రల్లో ఎప్పుడూ జరిగేదే.

సాన్ దమియానో అంటే ఫ్రాన్సిస్ వారితో సిలువ మాట్లాడిన గుడి అని అందరికీ తెలుసు. ఆ సిలువ ఇప్పుడు అక్కడ లేదు, పైన ఊళ్ళో సాంతా క్యారా బసిలికాలో ఉంది, అక్కడే క్లారా గారి శరీరం కూడా. సాన్ దమియానోలో మిగిలింది ఆవిడ బతుకు. 1212లో మట్టల ఆదివారం రాత్రి ఇల్లు విడిచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ నాలుగు గోడల మధ్యే ఉంది. భోజనాల గదిలో నల్లబడ్డ పాత బల్లలు చూడండి, ఆవిడ కూర్చునే చోట పూలు పెట్టి ఉంచుతారు. పై అంతస్తులో సిస్టర్లు పడుకునే పెద్ద గది, ఖాళీ నేల, ఆవిడ ప్రాణం వదిలిన మూల. ఆస్తి అన్నది లేకుండా బతికే హక్కు కోసం ఆవిడ పోపు గారి మాటకి కూడా తల ఒగ్గలేదు. చివరికి తను రాసిన నియమావళికి పోపు నాలుగవ ఇన్నొసెంట్ ఆమోదం 1253 ఆగస్టు 9న వచ్చింది, 11న ఆవిడ కన్నుమూసింది. ఆ రెండు రోజుల కోసం ఆవిడ ఎన్నేళ్ళు కాచుకుందో అక్కడ నిలబడి ఆలోచించండి.

నీకు భక్తి తక్కువన్నావు కదమ్మా, నీకోసం ఇంకోటి చెబుతాను. 1225లో ఫ్రాన్సిస్ వారు సాన్ దమియానోలోనే జబ్బుగా పడి ఉన్నారు, వెలుతురు చూస్తే కళ్ళు మండిపోయేవి, పగలు కూడా చీకట్లో ఉండాల్సి వచ్చేది. ఆ చీకట్లోంచే సూర్యుణ్ణి అన్నగా, నీళ్ళని అక్కగా పిలిచి సృష్టి కీర్తన చెప్పారు, అది కూడా లాటిన్‌లో కాదు, జనం మాట్లాడే ఉంబ్రియా భాషలో. తర్వాత అసీసీ బిషప్పుకీ నగర పాలకుడికీ గొడవ వస్తే క్షమించేవాళ్ళ గురించి ఒక చరణం కలిపి, సోదరుల్ని పంపి వాళ్ళిద్దరి ముందు పాడించారు. వాళ్ళు కలిసిపోయారు. ఆఖర్న సోదరి మరణం చరణం. ఆ తోట దగ్గర కూర్చుని ఆ కీర్తన ఒక్కసారి నిదానంగా చదువు, భక్తి సంగతి తర్వాత చూసుకుందాం.

పోర్జియుంకోలా స్టేషను పక్కనే, మోకాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. ఆకాశమంత పెద్ద బసిలికా మధ్యలో ఒక చిన్న రాతి గుడి, మన ఇంట్లో పెద్ద గదంత ఉంటుందేమో. ఆ గుడి కూడా తమ సొంతం కాకూడదని ఫ్రాన్సిస్ వారు దాని యజమానులైన బెనెడిక్టైన్ మఠానికి ఏటా ఒక బుట్టెడు చేపలు అద్దెగా పంపేవారు. 1226 అక్టోబరు 3 సాయంత్రం ఆ పక్కనే కటిక నేల మీద పడుకోబెట్టమని అడిగి అక్కడే వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆరాధనకి నేను ఒకసారి ఉన్నాను, రద్దీ నిజమే, కానీ అంత జనంలోనూ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయినప్పుడు పక్కనున్న ముసలాయన ఏడుస్తుంటే నేనూ ఆపుకోలేకపోయాను. కాబట్టి ఆలివ్‌కొమ్మ గారితో నేను ఏకీభవించను. ఓపిక ఉంటే 3వ తేదీకి ఉండండి.

ఇంకొకటి మీ అమ్మగారికి చాలా సంతోషం కలిగించేది. రోమ్ నుంచి అసీసీ వెళ్ళే రైళ్ళలో చాలావాటికి ఫొలీన్యోలో మారాలి. అక్కడ రెండు మూడు గంటలు ఆగండి. మూడవ సభకి చెందిన పునీత ఆంజెలా అవశేషాలు అక్కడి సాన్ ఫ్రాంచెస్కో గుడిలో ఉన్నాయి. భర్త, పిల్లలు, తల్లి అందరినీ పోగొట్టుకున్న ఇల్లాలు, 2013లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆవిడ్ని పునీతురాలిగా ప్రకటించారు. మఠంలో కాకుండా ఇంట్లో ఉండే మనలాంటివాళ్ళకి ఆవిడ చాలా దగ్గర.

నీలిదుప్పటి

పాదువా సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? ఫ్రాన్సిస్కన్ యాత్ర అని అంతోని వారిని పక్కన పెడితే ఎలా. ఆయన అసలు పోర్చుగల్ మనిషి, లిస్బన్‌లో పుట్టాడు, అగస్టీనియన్ మఠవాసిగా కొయింబ్రాలో హాయిగా చదువుకుంటున్నాడు. 1220లో మొరాకోలో చంపబడిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సోదరుల శరీరాలు ఆ ఊరికి తెచ్చారు. అవి చూసి అన్నీ వదిలేసి సభలో చేరిపోయాడు. 1231 జూన్ 13న చనిపోతే ఏడాది తిరక్కుండా పునీతుడయ్యాడు. 1263లో సమాధి తెరిచినప్పుడు నాలుక పాడవకుండా ఉంది, ఇప్పటికీ ఆ గుడిలో చూపిస్తారు.

నన్ను కదిలించింది నాలుక కాదు, సమాధి వెనక రాతి పలక. వచ్చినవాళ్ళంతా దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడతారు. నా ముందున్నావిడ ఒక చిన్న పిల్లాడి ఫోటో రాతికి ఆనించి, ఫోటో మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపు నిలబడిందో. వెనక లైన్లో ఒక్కరు కూడా తొందరపెట్టలేదు. ఫ్లోరెన్స్ మీదుగా రైలు ఉంది, పాదువా నుంచి రోమ్‌కి కూడా స్పీడ్ రైలు ఉంది. ఒక్క రాత్రి చాలు. గ్రెచ్చోకి బదులు ఇది పెట్టుకోండి.

పొలంగట్టు

నేను లూథరన్ సంఘం వాణ్ణి, పునీతుల్ని వేడుకునే అలవాటు మాకు లేదు. అయినా అసీసీ వెళ్ళాను, వెళ్ళినందుకు దేవునికి స్తోత్రం. పిచ్చుకగూడు గారు ఏం చేయాలని అడిగారు కాబట్టి నేను చేసింది చెబుతాను. పోర్జియుంకోలాలో మత్తయి సువార్త 10వ అధ్యాయం చదివాను. సంచిలో బంగారం, వెండి పెట్టుకోవద్దు, రెండో అంగీ వద్దు, చెప్పులు వద్దు అని యేసు శిష్యుల్ని పంపే భాగం. ఫ్రాన్సిస్ అక్కడ పూజలో ఈ మాటలే విని, నాకు కావల్సింది ఇదే అని చెప్పులు విడిచేశాడు. వాక్యం నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను, విన్నది విన్నట్టు ఆ పూటే చేసినవాడు ఉన్న చోట కూర్చుని చదివితే మాత్రం నా చెప్పుల వైపు చూసుకోవాల్సి వచ్చింది.

అసీసీ పెద్ద గుడి పై అంతస్తులో, పై బసిలికా అంటారు, ఆయన జీవితం మీద 28 కుడ్యచిత్రాలున్నాయి. బిషప్పు ముందు ఒంటి మీది బట్టలు విప్పి తండ్రికి తిరిగిచ్చేసే బొమ్మ దగ్గర ఆగండి. తండ్రి చేతిలో ఆ బట్టలు, కొట్టబోతుంటే పక్కవాడు చెయ్యి పట్టి ఆపుతున్నాడు. ఆ తండ్రి ముఖం చూడండి.

పిచ్చుకగూడు

ఇన్ని రాస్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. అన్నీ అమ్మకి చదివి వినిపించాను. జాకొపా మిఠాయి దగ్గర ఒకసారి ఆపమంది, మళ్ళీ చదవమంది.

నిర్ణయం అమ్మదే. సాన్ జొవాన్ని రొతోందో తీసేశాం. తేదీలు ముందుకి జరిపి సెప్టెంబరు 17 లా వెర్నాలో ఉండేలా చూస్తాం, 3వ తేదీ రాత్రి ఇంట్లోనే కొవ్వొత్తి పెట్టుకుంటానంది. ఫొలీన్యోలో ఆగి అసీసీ, అక్కడ నాలుగు రాత్రులు, కారులో లా వెర్నా, రాత్రి అక్కడే ఉండి పొద్దున్న పూజ అయ్యాక ఆరెజ్జోలో రైలెక్కి పాదువా. గ్రెచ్చో దగ్గరే మనసు ఊగుతోంది. రోమ్‌లో దిగిన రోజే కారులో దాని మీదుగా వెళ్ళొచ్చా, అంటే అప్పుడు ఫొలీన్యో పోతుందా? ఇంకా ఫ్రాన్సిస్ వారు ఒంటరిగా ప్రార్థన చేసుకున్న కార్చెరి గుహల గురించి ఎవరూ చెప్పలేదు, అమ్మ వెళ్ళగలదా?

ఆలివ్‌కొమ్మ

దిగిన రోజే వద్దండి, విమానం దిగిన అలసటతో గ్రెచ్చో చూస్తే ఏమీ గుర్తుండదు. ఆ రాత్రి రోమ్‌లో పడుకుని పొద్దున్నే కారులో బయల్దేరితే గ్రెచ్చో చూసుకుని సాయంత్రానికి అసీసీ చేరతారు. ఫొలీన్యో అసీసీ నుంచి రైల్లో కాసేపే, మధ్యలో ఒక పూట వెళ్ళి రావచ్చు. గ్రెచ్చో మఠం కొండ రాతికి అతుక్కున్నట్టు ఉంటుంది, కొంచెం ఎక్కాలి. 1223 క్రిస్మస్ రాత్రి గడ్డి పరిచి, ఎద్దునీ గాడిదనీ కట్టి పూజ చేయించిన గుహ ఇప్పుడు చిన్న చాపెల్. ఫ్రాన్సిస్ డీకన్, అంటే గురువుకి కింది హోదాలో ఉండే సేవకుడు, కాబట్టి ఆ రాత్రి సువార్త తనే పాడాడు.

కార్చెరికి అసీసీ నుంచి టాక్సీలో వెళ్ళండి, నాలుగు కిలోమీటర్లు సుబాసియో కొండ మీదికి. లోపల దారి చాలా ఇరుకు, కొన్ని గుమ్మాలు నడుం వంచి దూరాలి, ఆయన పడుకున్న రాతి పడక దగ్గర ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు. అమ్మగారు ముందు ప్రాంగణంలో బావి దగ్గర కూర్చోవచ్చు, అక్కడి నుంచే అడవి అంతా కనిపిస్తుంది. మీరు లోపలికి వెళ్ళి రండి, తర్వాత అడవి దారిలో కాసేపు ఒంటరిగా నడవండి. టాక్సీ అతన్ని గంటన్నర తర్వాత రమ్మనండి, అరగంటకి కాదు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా టైమ్ ముందే గట్టిగా చెప్పుకోండి.

లా వెర్నాకి అమ్మగారి శాలువా మర్చిపోవద్దు. 17న గదులు త్వరగా నిండిపోతాయి, ఈ వారంలోనే మఠానికి రాయండి.